సెలెక్షన్ పోయింది, కోచ్‌నవుతా అంటున్నాడు

ప్రశ్న: మేము సిడ్నీలో వెంట్‌వర్త్‌విల్‌లో ఉంటాం. మా అబ్బాయి ఇయర్ 10, ఎనిమిదేళ్లప్పటి నుంచి రగ్బీ లీగ్ ఆడుతున్నాడు. ఈ ఏడాది పెద్ద క్లబ్ జూనియర్ టీమ్ సెలెక్షన్‌లో పోయింది. అప్పటి నుంచి "ప్లేయర్‌ని కాకపోతే కోచ్‌నవుతా" అంటున్నాడు. వాళ్ల నాన్న ఇంజనీరింగ్ తప్ప ఇంకోమాట వినరు. అసలు ఇది కెరీరేనా?

జవాబు: కెరీరేనమ్మా, కాకపోతే చాలా ఇరుకు దారి. ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ పెద్ద పోటీ అయిన ఎన్ఆర్ఎల్‌లో ఉన్నవి 17 క్లబ్బులు, అంటే హెడ్ కోచ్ కుర్చీలు కూడా పదిహేడే, వరసగా నాలుగు మ్యాచ్‌లు ఓడితే ఆ కుర్చీ ఉంటుందో ఊడుతుందో పేపర్లలో రాసేస్తారు. ఈ సంగతి ముందు మీవాడికి తెలియాలి.

సెలెక్షన్ పోయింది కాబట్టి కోచ్ కూడా కాలేడని మాత్రం అనకండి. కోచ్ మైకేల్ మగ్వైర్‌నే చూడండి, కాన్‌బెర్రాకీ అడిలైడ్‌కీ కలిపి ఆడింది కొద్ది మ్యాచ్‌లే, ఆటగాడిగా ఆయన్ని గుర్తుపెట్టుకున్నవాళ్లు తక్కువ. తర్వాత మెల్‌బోర్న్ స్టార్మ్ క్లబ్‌లో హెడ్ కోచ్ క్రెయిగ్ బెల్లమీ కింద అసిస్టెంట్‌గా కొన్నేళ్లు పనిచేసి ఇంగ్లండ్ వెళ్లి 2010లో అక్కడి విగన్ క్లబ్‌కి లీగ్ టైటిల్ గెలిపించాడు. 2014లో సౌత్ సిడ్నీకి 43 ఏళ్ల తర్వాత టైటిల్ తెచ్చాడు. 2025లో బ్రిస్బేన్ కోచ్‌గా ఫైనల్లో 26-22తో గెలిచింది ఎవరి మీదనుకున్నారు, ఆ బెల్లమీ టీమ్ మీదే! ఆ బెల్లమీ కూడా కాన్‌బెర్రాకి పదేళ్లు ఆడి, బ్రిస్బేన్‌లో హెడ్ కోచ్ వేన్ బెనెట్ దగ్గర 1998 నుంచి 2002 దాకా అసిస్టెంట్‌గా ఉండి, హెడ్ కోచ్ అయ్యేసరికి 43 ఏళ్లు. బెనెట్ సంగతి వాళ్ల నాన్నగారికి చెప్పండి, ఆస్ట్రేలియాకి ఆడినవాడే అయినా క్వీన్స్‌లాండ్‌లో పోలీసు ఉద్యోగం చేసుకుంటూనే ఆడాడు, కోచింగ్‌లోకీ వచ్చాడు.

మరి ఆ అసిస్టెంట్ చేసే పనేంటి? ఎక్కువ భాగం లాప్‌టాప్ ముందు కూర్చోవడమే. లీగ్‌లో ఆరు టాకిల్స్ (బంతి ఉన్నవాణ్ణి పట్టి ఆపెయ్యడం) అయ్యేలోపు బంతిని ఏదో ఒకటి చెయ్యాలి కదా, పడిపోయినవాడు లేచి కాలితో బంతి వెనక్కి నెట్టడానికి ఎంతసేపు పట్టింది, ఆలోపు డిఫెన్స్ వెనక్కి వెళ్లి లైన్‌లో నిలబడగలిగిందా, ఎడమ అంచున ఎవడు అలసిపోయి ఒక అడుగు వెనకపడ్డాడు, ఇవన్నీ క్లిప్పులుగా కోసి పొద్దున్నే ఆటగాళ్లకి చూపించాలి. మీవాడికి ఇది విసుగో ఇష్టమో తేలాలంటే ఒక పని చేయించండి. ఈ శనివారం ఒక మ్యాచ్ పెట్టి, బంతిని చూడొద్దు, టాకిల్ అయిన చోట చుట్టూ ఉన్న ముగ్గురు డిఫెండర్లనే చూసి నోట్‌బుక్‌లో రాయమనండి. హాఫ్ టైమ్‌కి పేజీ నిండితే సరుకున్నట్టే. ఫోన్ పట్టుకుని కూర్చుంటే, కోచింగ్ మాట సెలెక్షన్ బాధలోంచి వచ్చిందని నాకనిపిస్తుంది. అందులో తప్పేమీ లేదు, పదహారేళ్లవాడు, కొన్నాళ్లు వదిలెయ్యండి.

సరుకుంటే ఇప్పుడే మొదలుపెట్టాలి, ఆట మానేశాక కాదు. వాళ్ల క్లబ్‌లోనే అండర్-8 పిల్లలకి సాయంత్రాలు సాయంగా వెళ్లమనండి. ఏడేళ్ల పిల్లాడు కళ్లు మూసుకుని టాకిల్‌కి వెళుతుంటే మోకాళ్ల మీద కూర్చుని "తల పక్కకి పెట్టు, భుజం ముందుకి" అని ఇరవైసార్లు విసుక్కోకుండా చెప్పగలిగితే అది పెద్ద అర్హత. కోచింగ్ సర్టిఫికెట్లు చిన్న స్థాయి నుంచి మొదలవుతాయి, పద్దెనిమిది నిండితే న్యూ సౌత్ వేల్స్‌లో పిల్లలతో పనికి ప్రభుత్వం చేసే నేపథ్య తనిఖీ (వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్) కూడా కావాలి, వాలంటీర్లకి అది ఉచితం.

చదువు మాత్రం వదలనివ్వకండి. హెచ్‌ఎస్‌సీ (పన్నెండో తరగతి పరీక్ష) తర్వాత స్పోర్ట్స్ సైన్సో ఫిజియోథెరపీయో పీఈ టీచింగో ఏదైనా సరే, కోచ్ ఉద్యోగం పోయిన ఏడాది ఇంట్లో జీతం రావాలి కదా. వాళ్ల నాన్నగారు డేటా వైపు ఒప్పుకుంటే అదీ మంచిదే, క్లబ్బులకి అనలిస్టులు కావాలి. ఇంకోటి, రేపు హైదరాబాద్ వచ్చి ఇదే చేస్తాడులే అనుకోవద్దు, ఇండియాలో ఆడేది రగ్బీ యూనియన్, అందులోనూ ఎక్కువగా ఏడుగురి ఆట, ఈ పదమూడుగురి లీగ్ వేరు.

ఆడుతున్నన్నాళ్లు తలకి దెబ్బ తగిలితే దాచొద్దని గట్టిగా చెప్పండి. నోట్‌బుక్‌లో ఏం రాశాడో నాకూ పంపండి, చూసి మాట్లాడదాం.