ఒక డొమైన్‌లో నడిచే సర్వ్‌లెట్ మిగతా డొమైన్లలో 404 ఇస్తుంటే ఎక్కడ వెతకాలి?

మీ సెటప్ ఇదీ అని అర్థమైంది: ముందు బయటి రిక్వెస్ట్‌లు అందుకునే వెబ్ సర్వర్ అపాచీ, వెనక సర్వ్‌లెట్‌లను (రిక్వెస్ట్‌లకి జవాబిచ్చే జావా ప్రోగ్రామ్‌లు) నడిపే టామ్‌క్యాట్, ఒకే మెషీన్ మీద మూడు డొమైన్లు. మొదటిదాంట్లో సర్వ్‌లెట్ బాగానే నడుస్తోంది, మిగతా రెండింట్లో 404, అంటే పేజీ దొరకలేదన్న ఎర్రర్. ఇలాంటి సర్వర్‌ని నేను చాలాకాలం చూసుకున్నాను. ఆ అనుభవంతో చెప్తున్నాను, జావా కోడ్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఒక డొమైన్‌లో నడిచిన సర్వ్‌లెట్ పక్క డొమైన్‌లో దొరకడం లేదంటే లోపం సాధారణంగా రిక్వెస్ట్ వెళ్లే దారిలోనే ఉంటుంది.

ముందు ఆ 404 ఎవరు ఇచ్చారో తేల్చుకోండి. టామ్‌క్యాట్ ఎర్రర్ పేజీకీ అపాచీ పేజీకీ తేడా చూడగానే తెలుస్తుంది. సొంత ఎర్రర్ పేజీలు పెట్టుకుని ఉంటే టామ్‌క్యాట్ యాక్సెస్ లాగ్ (వచ్చిన రిక్వెస్ట్‌లు నమోదయ్యే ఫైల్) చూడండి. రిక్వెస్ట్ అక్కడ కనబడకపోతే అది అపాచీ దగ్గరే ఆగిపోయి ఉండొచ్చు.

అక్కడే ఆగితే, అపాచీ నుంచి టామ్‌క్యాట్‌కి రిక్వెస్ట్‌లు పంపడానికి మీరు వాడే మాడ్యూల్ మాడ్ జేకే అయితే, జేకేమౌంట్ లైన్లు (ఏ చిరునామాలు టామ్‌క్యాట్‌కి పంపాలో చెప్పేవి) ఎక్కడ రాశారో చూడండి. మెయిన్ కాన్ఫిగరేషన్‌లో రాసినవి వర్చువల్‌హోస్ట్‌లలోకి, అంటే అపాచీలో ఒక్కో డొమైన్‌కి విడిగా రాసే సెట్టింగ్స్ బ్లాక్‌లలోకి, వాటంతట అవి రావు. ప్రతి వర్చువల్‌హోస్ట్‌లోనూ మళ్లీ రాయాలి, లేదా అందులో జేకేమౌంట్‌కాపీ ఆన్ అని పెట్టాలి. పోర్ట్ 80కీ (హెచ్‌టీటీపీ) 443కీ (హెచ్‌టీటీపీఎస్) వేర్వేరు వర్చువల్‌హోస్ట్‌లు ఉంటాయన్న సంగతి కూడా మర్చిపోకండి. నేను చూసుకున్న సర్వర్‌లో ఒక డొమైన్ హెచ్‌టీటీపీలో పనిచేసేది, హెచ్‌టీటీపీఎస్‌లో 404 ఇచ్చేది. కారణం ఇదే, 443 బ్లాక్‌లో మౌంట్ లైనే లేదు. అపాచీ కమాండ్ అపాచీసీటీఎల్‌ని పెద్ద ఎస్ ఆప్షన్‌తో నడిపితే ఏ పేరు ఏ బ్లాక్‌కి వెళ్తోందో మొత్తం చూపిస్తుంది.

రిక్వెస్ట్ టామ్‌క్యాట్ దాకా వస్తుంటే కథ వేరు. నాకు ఎక్కువ అనుమానం ఇక్కడే. మాడ్ జేకే బదులు మాడ్ ప్రాక్సీ అనే మాడ్యూల్‌తో హెచ్‌టీటీపీ మీద పంపుతుంటే, ప్రాక్సీప్రిజర్వ్‌హోస్ట్ ఆన్ అని పెట్టకపోతే అసలు డొమైన్ పేరు దారిలోనే పోతుంది. రిక్వెస్ట్ ఎక్కడికి పంపాలో చెప్పే ప్రాక్సీపాస్ లైన్‌లో లోకల్‌హోస్ట్ (అదే మెషీన్) అని రాసి ఉంటే టామ్‌క్యాట్‌కి మూడు డొమైన్లూ లోకల్‌హోస్ట్‌గానే కనబడతాయి. తనకు తెలియని పేరు వచ్చినా అది ఎర్రర్ ఇవ్వదు, తన సెట్టింగ్స్‌లోని ఇంజిన్ భాగంలో డిఫాల్ట్‌హోస్ట్‌గా రాసిన హోస్ట్‌కి (టామ్‌క్యాట్‌లో ఒక డొమైన్‌కి ఉండే విభాగం) నిశ్శబ్దంగా అప్పగించేస్తుంది. మీ మొదటి డొమైన్ అప్లికేషన్ ఆ డిఫాల్ట్ హోస్ట్‌లో ఉంటే అది నడుస్తుంది, మిగతావి 404 ఇస్తాయి. మీరు చెప్పిన లక్షణం అచ్చంగా ఇదే!

దీన్ని నిర్ధారించుకోవడం తేలిక. సర్వర్‌లోకి లాగిన్ అయ్యి, కర్ల్ అనే కమాండ్‌తో నేరుగా టామ్‌క్యాట్ పోర్ట్‌కి, మామూలుగా 8080, రిక్వెస్ట్ పంపండి. రిక్వెస్ట్‌తో పాటు డొమైన్ పేరు తీసుకెళ్లే హోస్ట్ హెడర్‌లో మాత్రం రెండో డొమైన్ పేరు ఇవ్వండి. సరైన జవాబు వస్తే టామ్‌క్యాట్ బాగానే ఉంది, పేరు పోగొడుతున్నది అపాచీయే. అక్కడ కూడా 404 వస్తే టామ్‌క్యాట్ కాన్ఫిగరేషన్ ఫైల్ సర్వర్.ఎక్స్ఎంఎల్‌లో ఆ హోస్ట్ పేరు అక్షరం అక్షరం సరిచూడండి. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్న పేరు, లేని పేరు టామ్‌క్యాట్‌కి రెండు వేర్వేరు పేర్లు. రెండోదాన్ని ఏలియాస్‌గా, అంటే అదే హోస్ట్‌కి మరో పేరుగా, చేర్చాలి.

ఇది సరిచేసే తొందరలో రెండు హోస్ట్‌లకీ ఒకే యాప్‌బేస్ (అప్లికేషన్లు ఉండే) ఫోల్డర్ ఇవ్వొద్దని గట్టిగా చెప్తాను. అప్లికేషన్ రెండుసార్లు లోడ్ అవుతుంది, అందులోని షెడ్యూల్డ్ పనులు కూడా రెండుసార్లు నడుస్తాయి. కస్టమర్లకు ఒకే రిమైండర్ మెయిల్ రెండేసిసార్లు వెళ్లడం నేను కళ్లారా చూశాను, పాపం వాళ్లకి ఎంత చిరాకో. డొమైన్లన్నీ ఒకే అప్లికేషన్ చూపించాలంటే ఒక హోస్ట్, దానికి ఏలియాస్‌లు చాలు. అప్లికేషన్లు వేరైతే ఫోల్డర్లూ వేరుగా పెట్టండి.

కొత్త హోస్ట్‌ల ఎర్రర్లు లోకల్‌హోస్ట్ లాగ్‌లో కనబడవు. డిఫాల్ట్ సెట్టింగ్స్‌లో అవి టామ్‌క్యాట్ ప్రధాన లాగ్ అయిన కాటలినా లాగ్‌లోకి వెళ్తాయి, అక్కడ చూడండి. ఒకవేళ మిగతా రెండు డొమైన్లు విడిగా టామ్‌క్యాట్ 10 మీద ఉంటే జావా కోడ్‌లోని ప్యాకేజీ పేర్లు కూడా చూడాలి. అందులో జావాఎక్స్ స్థానంలో జకార్తా వచ్చింది, కాబట్టి పాత ప్యాకేజీ అనొటేషన్ (ఇది సర్వ్‌లెట్ అని కోడ్‌లో చెప్పే గుర్తు) ఉన్న సర్వ్‌లెట్‌ని అది అసలు గుర్తించదు.

కర్ల్‌లో వచ్చిన జవాబు, అపాచీసీటీఎల్ అవుట్‌పుట్ రెండూ ఇక్కడ పెట్టండి, చూసి ఎక్కడ ఆగుతోందో చెప్తాను.