9.8 జీపీఏ అంటే 98 శాతం కాదండీ

"2019లో పది పాసైన మా తమ్ముడి మెమోలో మార్కులు లేవు, 9.8 అని ఉంది. అంటే 98 శాతమేనా?" అని అడిగారు. కాదండీ. అది జీపీఏ, అంటే సబ్జెక్టుల గ్రేడ్ పాయింట్ల సగటు. ఈ ప్రశ్న చూడగానే మా అమ్మాయి గుర్తొచ్చింది. తనదీ అదే ఏడాది, అదే 9.8.

నాది కందుకూరులో జెరాక్స్, నెట్ సెంటర్. అప్పట్లో మాది ప్రకాశం జిల్లా, 2022లో నెల్లూరులో కలిపారు. పదో తరగతికి గ్రేడ్లు వచ్చింది 2012లో. అప్పట్నుంచి ఫలితాల రోజు పిలకాయలంతా మా కొట్టు ముందే ఉండేవాళ్లు. 2019 నాటి లెక్కలో 91 నుంచి 100 దాకా ఎన్ని వచ్చినా ఎ1, దానికి 10 పాయింట్లు. 81 నుంచి 90 అయితే ఎ2, 9 పాయింట్లు. అలా పదేసి మార్కులకు ఒక మెట్టు దిగుతూ 35 దగ్గర డి, 4 పాయింట్లు. అంతకన్నా తగ్గితే ఇ, అంటే ఫెయిల్. హిందీకి మాత్రం మెట్లు వేరు, 20 వస్తే పాస్. ఆరు సబ్జెక్టుల పాయింట్లు కలిపి ఆరుతో భాగిస్తే జీపీఏ. మీ తమ్ముడికి ఐదింట్లో ఎ1, ఒకదాంట్లో ఎ2 వచ్చి ఉంటాయి. 59ని ఆరుతో భాగిస్తే 9.83, మెమోలో 9.8 వేశారు.

2019 మే 14. కొట్లో ఊపిరాడనంత జనం. అందరివీ చూశాక మా అమ్మాయి హాల్ టికెట్ నంబరు కొట్టాను. తెలుగు ఎ1, హిందీ ఎ1, ఇంగ్లీషు ఎ1, లెక్కలు ఎ1, సైన్సు ఎ1. సోషల్ ఎ2. "నాన్నా, నంబరు ఇంకోసారి కొట్టు" అంది. కొట్టాను. అదే వచ్చింది. ఏడవలేదు, ప్రింటు తీసుకుని ఇంటికి వెళ్లిపోయింది. మర్నాడు బడి వాళ్లు సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు. పదికి పది వచ్చిన వాళ్ల ఫొటోలే ఉన్నాయి. పరీక్షలకు ముందు ఫ్లెక్సీ కోసమని మా అమ్మాయి దగ్గర కూడా ఫొటో తీసుకున్నారు. దాన్ని నా చేత్తోనే ప్రింటు తీసి ఇచ్చాను. ఆ వేసవంతా పిల్ల ఆ రోడ్డు మీదుగా వెళ్లలేదు.

మనసు ఊరుకోక సోషల్‌కు వెయ్యి రూపాయలు కట్టి రీవెరిఫికేషన్ పెట్టించాను, జవాబు పత్రాల జెరాక్స్ కాపీ కూడా వస్తుందని. 500 కడితే వట్టి కూడిక మాత్రమే చూస్తారు. కాపీలు వచ్చాక ఇద్దరం కొట్లో బల్ల మీద పరుచుకుని లెక్కపెట్టాం. మొదటి పేపర్లో 40కి 35, రెండోదాంట్లో 40కి 36. బడి వాళ్లు వేసిన ఇంటర్నల్స్ 20కి 19. మొత్తం 90. మొదటి పేపర్లో ఇండియా మ్యాపు మీద తపతి గుర్తించమంటే నర్మద మీద గీసింది. అక్కడ పోయింది ఆ ఒక్క మార్కు.

ఇప్పుడు మీరే లెక్క వేయండి. హిందీ మెట్ల సంగతి పక్కన పెట్టి, ఆరింట్లోనూ 91 చొప్పున వచ్చిన పిల్లకు 546 మార్కులు, జీపీఏ 10. ఐదింట్లో నూటికి నూరు, ఒకదాంట్లో 90 వచ్చిన పిల్లకు 590 మార్కులు, జీపీఏ 9.8. నలభై నాలుగు మార్కులు ఎక్కువ తెచ్చుకున్న పిల్ల వెనకబడింది! మార్కుల పోటీ, టెన్షన్ తగ్గించడానికే గ్రేడ్లు అన్నారు. తగ్గింది ఎక్కడ? ఇంతకుముందు ఒక్క మార్కు పోతే ఒక్క మార్కే పోయేది. మా పిల్లకు ఆ ఒక్క మార్కుతో ట్రిపుల్ ఐటీ ఆశ పోయింది. అక్కడ సీట్లు అప్పుడు జీపీఏను బట్టే ఇచ్చేవాళ్లు. ప్రభుత్వ బడి పిల్లలకు 0.4 కలిపేవాళ్లు, అది న్యాయమే, వాళ్లకు ఇవ్వాల్సిందే. కానీ ప్రైవేటు బడిలో చదివిన మా పిల్ల 9.8కి దారే లేకపోయింది.

ఆ ఇంటర్నల్స్ గురించి కూడా చెప్పాలి. ఆ 20 మార్కులు బడి వాళ్లే వేసేవాళ్లు. అడిగిన వాడికీ అడగని వాడికీ 20కి 20 వేసిన బళ్లు నాకు తెలుసు. మా అమ్మాయి సోషల్ సారు నిజాయితీగా 19 వేశారు. ఆయన్ని నేను ఒక్క మాట అనను. 2018లో పాసైన వాళ్ల శాతంలో ప్రకాశం రాష్ట్రంలో మొదటిది, పక్కనున్న నెల్లూరు ఆఖరిది. కందుకూరు పిలకాయలకూ కావలి పిలకాయలకూ తెలివిలో అంత తేడా ఉందంటే నేను నమ్మను. తేడా అంతా పరీక్షలు జరిపే తీరులోనే ఉంది. 2019 పరీక్షల తర్వాత ఇంటర్నల్స్ తీసేశారు, మంచి పని చేశారు. కరోనా రెండేళ్లు పరీక్షలే లేవు. 2022 నుంచి మళ్లీ మార్కులే ఇస్తున్నారు. గ్రేడ్లు మళ్లీ రాకూడదని నా గట్టి అభిప్రాయం.

మీ తమ్ముడి సంగతికి వస్తే, దరఖాస్తులో 98 అని వేయకండి. జీపీఏ గడి ఉంటే 9.8 అనే వేయండి. శాతం అడిగితే ఆ నోటిఫికేషన్‌లో ఏ లెక్క చెప్పారో చదవండి. పోస్టాఫీసు జీడీఎస్ (గ్రామీణ డాక్ సేవక్) ఉద్యోగాలకు 9.5తో హెచ్చవేస్తారు, అలా చూస్తే 93.1 వస్తుంది. పదికి పది వచ్చిన వాళ్లకు కూడా అక్కడ 95 మాత్రమే. మెమోలో లేని అంకె వేస్తే సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌లో పట్టుకుంటారు. అలా ఇరుక్కుని మా కొట్టుకు పరుగెత్తుకొచ్చిన వాళ్లను ఇద్దరు ముగ్గురిని చూశాను.