ఫ్లాట్ దాటని కుక్కకు ఏటా టీకాలు, నెలనెలా పిడుదుల మందు నిజంగా అవసరమా?

మీ పొమెరేనియన్‌కు రెండేళ్లు నిండాయనీ, ఎనిమిదో అంతస్తు నుంచి అది కిందికి దిగడమే అరుదనీ, అయినా క్లినిక్‌లో ప్రతి ఏడాదీ మూడు నాలుగు టీకాలు, నెలనెలా పిడుదుల మందు రాస్తున్నారనీ, వీటిలో ఏవి మానుకోవచ్చనీ అడిగారు. నేను పశువైద్యుణ్ణి కాను. కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంటులోనే ఉంటూ చాలాకాలంగా కుక్కలను పెంచుతున్నవాణ్ణి. ఖర్చు తగ్గించుకోగలిగిన చోట్లు ఉన్నాయి గానీ, చాలామంది అందరికంటే ముందు మానేసే పిడుదుల మందు మాత్రం వాటిలో లేదు.

పిడుదులు గడ్డిలోనే ఉంటాయన్నది మన దగ్గర సరిపోని మాట. ఇక్కడ కుక్కలను ఎక్కువగా పట్టే గోధుమరంగు పిడుదు, గుడ్డు నుంచి మొదలుకొని తన బతుకంతా ఇంటి లోపలే గడపగలదు. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు కుక్క ఒంటి నుంచి రాలి, గోడ పగుళ్లలోనో తలుపు చట్రం వెనకనో వేల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. పక్క ఫ్లాటు కుక్క నుంచి లిఫ్టులోనో వరండాలోనో రాలినది ఒక్కటి మీ గుమ్మం దాటినా చాలు. మా లాబ్రడార్ ఒక వేసవిలో తిండి తగ్గించి మందకొడిగా ఉన్నప్పుడు, ఎంత వెదికినా దాని ఒంటిమీద ఒక్క పిడుదూ కనబడలేదు. చిగుళ్లు పాలిపోయి ఉండటం చూసి డాక్టరుగారు రక్తపరీక్ష చేయించగా, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయనీ, కారణం పిడుదు కాటుతో సోకే ఎర్లికియా అనే సూక్ష్మజీవి అనీ తేలింది. దీనికి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయోటిక్ సాధారణంగా 28 రోజులు వాడాలి. కొద్ది రోజులకే కుక్క లేచి తిరుగుతుంది కనుక మందు ఆపేయాలనిపిస్తుంది, కానీ లక్షణాలు పోయిన తర్వాత కూడా ఆ సూక్ష్మజీవి ప్లీహంలో దాగి ఉండి నెలల తరవాత తిరగబెట్టగలదు. మూత్రం ముదురు గోధుమరంగులోకి మారితే పిడుదుల ద్వారానే సోకే మరో పరాన్నజీవి బెబీసియా కూడా ఉందేమో చూడమని అడగండి, ఎందుకంటే దాని మందు వేరు. మాకు ఆ పరీక్షలకూ మందులకూ అయిన ఖర్చు, ఏడాది పొడవునా వాడే పిడుదుల మాత్రల ఖర్చును సులువుగా మించిపోయింది.

నెలనెలా మాత్ర గుర్తుపెట్టుకోవడం కష్టమైతే, 12 వారాలపాటు పనిచేసే ఫ్లురలేనర్ మాత్ర గురించి అడగవచ్చు. మీ కుక్కకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే ఆ సంగతి ముందే చెప్పాలి. ఇంట్లో పిల్లి కూడా ఉంటే, పెర్మెత్రిన్ కలిసిన చుక్కల మందును కుక్కకు కూడా వేయకపోవడమే మంచిది, అది పిల్లికి ప్రాణాంతకం. జ్వరం అనుమానం వస్తే ముక్కు పట్టుకుని తేల్చకుండా థర్మామీటరు పెట్టి చూడండి. కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు మామూలే. మనం వాడే పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ మాత్రలను సొంతంగా ఇవ్వవద్దు.

ఇక టీకాల విషయానికొస్తే, రేబిస్ దగ్గర బేరం లేదు. లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకని వ్యాధి అది. పైగా నగరపాలక సంస్థ లైసెన్సుకు కూడా ఆ టీకా ధ్రువపత్రం కావాలి. ఏటా జూలై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల) దినం సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఈ టీకాను ఉచితంగా వేస్తారు. నారాయణగూడలోని ఆసుపత్రి మీకు దూరమైనా ఆ రోజు వెళ్లిరావచ్చు.

కుక్కల ప్రాణం తీయగల వైరస్ వ్యాధులైన పార్వో, డిస్టెంపర్ టీకాల దగ్గర మాత్రం మీ సందేహం సబబే. పార్వో వైరస్ చెప్పులకు అంటుకుని ఇంట్లోకి వస్తుంది కాబట్టి ఆ టీకా అక్కరలేదని కాదు. అయితే కుక్కపిల్లప్పటి డోసులు 16 వారాల వయసు దాటేవరకు వేయించి, తరవాతి బూస్టర్ కూడా ఇప్పించి ఉంటే, వీటిని మూడేళ్లకోసారి కంటే ముందు వేయనవసరం లేదని ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం మార్గదర్శకాలు చెబుతున్నాయి. చిక్కేమిటంటే సెవెన్ ఇన్ వన్, నైన్ ఇన్ వన్ పేర్లతో వచ్చే సూదిలో లెప్టోస్పైరా టీకా కూడా కలిసి ఉంటుంది, దాని రక్షణ ఏడాది పాటే. ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా మనుషులకూ సోకే ఈ వ్యాధిని, వానాకాలంలో సెల్లార్లలో నీళ్లు నిలిచే మన అపార్ట్‌మెంట్లలో తేలిగ్గా తీసుకోలేము. అందువల్ల లెప్టో ఒక్కటే విడిగా దొరుకుతుందా అని డాక్టరును అడగండి. కరోనా టీకాను, అంటే కుక్కల్లో విరేచనాలకు కారణమయ్యే వేరే కరోనా వైరస్‌ది, ఆ మార్గదర్శకాలు అసలు సిఫారసు చేయడం లేదు. కెన్నెల్ కాఫ్ (ఒక కుక్క నుంచి మరోదానికి అంటుకునే దగ్గు) టీకా, ఊరెళ్లినప్పుడు కుక్కను బోర్డింగులో వదిలేవారికి కావాలి.

నట్టల మందును కుక్క బరువును బట్టి మూడు నెలలకోసారి వేయడం సాధారణ పద్ధతి. దానికి బదులు మలపరీక్ష చేయించి, అవసరమైతేనే వేస్తామన్నా చాలామంది డాక్టర్లు ఒప్పుకుంటారు. అయితే ఆ పురుగుల గుడ్లు మనుషులకూ సోకగలవు కాబట్టి, ఇంట్లో పాకే వయసు పిల్లలుంటే మూడు నెలల లెక్కనే పాటించండి.