అపార్ట్‌మెంట్ ఒవెన్‌లో బెంగాలీ పాతురి

"అన్నయ్యా, బెంగాలీ స్నేహితుల ఇంట్లో ఆకులో కాల్చిన చేప తిన్నాను. మనం చేసుకోవాలంటే బొగ్గుల గ్రిల్ కొనాలా?" అని కొత్తగా అమెరికా వచ్చిన తమ్ముడొకడు అడిగాడు. కొనొద్దు. బాల్కనీలో బొగ్గులు రాజేయడానికి చాలా అపార్ట్‌మెంట్లు ఒప్పుకోవు, లీజులోనే రాసి ఉంటుంది. నువ్వు తిన్నది పాతురి. ఆవముద్ద పట్టించిన చేపను అరిటాకులో చుట్టి, నిప్పుల మీదో పెనం మీదో కాలుస్తారు. ఆకు మాడుతుంది, చేప లోపల తన తడిలోనే ఉడుకుతుంది. నీచు వాసన చాలావరకు పొట్లంలోనే ఆగుతుంది. అందుకే అద్దె ఇంట్లో చేప కాల్చుకోవాలంటే ఇంతకన్నా మంచి పద్ధతి లేదంటాను.

చేప కోసం వెతుక్కోనక్కర్లేదు. కోల్‌కతా వాళ్ళ భెట్కీ మన పండుగప్పే. ఇక్కడ బారాముండి పేరుతో ముళ్ళు తీసిన ముక్కలు ఫ్రోజెన్‌లో దొరుకుతాయి. ఫ్రిజ్‌లో రాత్రంతా కరగనివ్వండి. గాలి తీసేసిన ప్యాకెట్ అయితే ముందే కత్తిరించి, చేపను గిన్నెలోకి మార్చండి. ప్యాకెట్ మూసి ఉండగా కరగనిస్తే గాలి లేనిచోట పెరిగే ప్రమాదకరమైన బ్యాక్టీరియాకు అవకాశం ఇచ్చినట్టే. న్యూయార్క్ జాక్సన్ హైట్స్‌లోనో, డెట్రాయిట్ పక్కన హామ్‌ట్రామిక్‌లోనో ఉంటే బంగ్లాదేశీ దుకాణాల్లో ఇలిష్ కూడా ఉంటుంది. గోదావరికి ఎదురీదితే మనం పులస అనేది ఆ చేపనే. రుచికి దానికి సాటి లేదు. కానీ సన్నముళ్ళు ఎక్కువ, పిల్లలకు పెట్టాలంటే పండుగప్పే మేలు.

అసలు పనితనమంతా ఆవముద్దలో ఉంది. పనసపొట్టు కూరలో ఆవ పెట్టే ఇంట్లో పెరిగినవాళ్ళకు ఈ ఘాటు కొత్తకాదు. అరకిలో చేపకు రెండు చెంచాల పసుపచ్చ ఆవాలు, ఒక చెంచా నల్ల ఆవాలు చన్నీళ్ళలో అరగంట నానబెట్టి, నాలుగు పచ్చిమిర్చి, ఉప్పు వేసి రుబ్బండి. అన్నీ నల్లావాలే వేసినా, మరీ ఎక్కువసేపు రుబ్బినా చేదెక్కుతుంది. వేణ్ణీళ్ళు పోయొద్దు, ఘాటు పుట్టించే ఎంజైమ్ వేడికి పనిచేయదు. మిక్సీ లేకపోతే కాఫీ గ్రైండర్‌లో పొడిగా కొట్టి, చన్నీళ్ళతో కలిపి పది నిమిషాలు ఉంచితే చాలు. పసుపు, మూడు చెంచాల పచ్చికొబ్బరి, కొంచెం నూనె కలపండి. కొందరు గసగసాలు కూడా వేస్తారు. దుబాయ్, అబుదాబిలో ఉన్నవాళ్ళు మాత్రం ఆ మాటే ఎత్తకండి, అక్కడ గసగసాలు నిషిద్ధం. ఊరి నుంచి వచ్చేటప్పుడు పెట్టెలో పొట్లం కట్టించుకుంటే ఎయిర్‌పోర్టులోనే చిక్కుల్లో పడతారు.

ఇక ఆవనూనె. ఇక్కడి సీసాల మీద ఒంటికి రాసుకోవడానికి మాత్రమే అని ఉంటుంది. ఎరూసిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం ఎక్కువని వంటనూనెగా ఎఫ్‌డీఏ (అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ) అనుమతించదు. బెంగాలీ ఇళ్ళలో తరతరాలుగా వాడుతున్నా, నేను మాత్రం కొత్తవాళ్ళకు మామూలు నూనెతోనే చేయమంటాను. ఘాటు ఎలాగూ ఆవముద్దే ఇస్తుంది.

అరిటాకు ఏషియన్, మెక్సికన్ దుకాణాల ఫ్రీజర్లలో ఉంటుంది. పొయ్యి సెగ మీద ఒక్కసారి ఆడిస్తే చిరగకుండా మడత పడుతుంది. ముక్కకు రెండువైపులా ముద్ద పట్టించి, పైన చీల్చిన పచ్చిమిర్చి పెట్టి చుట్టి, దారంతో కట్టండి. ట్రేలో ఫాయిల్ పరిచి 425 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు ఉంచండి. తర్వాత బ్రాయిలర్ (ఒవెన్‌లో పైనుంచి వచ్చే నేరు సెగ) కింద రెండు నిమిషాలు పెడితే ఆకు అంచులు నల్లబడి ఆ కాల్చిన వాసన వస్తుంది. అప్పుడు పక్కకు వెళ్ళకండి, ఎండిన ఆకు అంటుకోవచ్చు. థర్మామీటర్ ఉంటే ముక్క మధ్యలో 145 డిగ్రీలు చూడండి. లేకపోతే ఫోర్కుతో కదిపితే పొరలుగా విడిపోవాలి.

పొట్లం కంచంలోనే విప్పి, ఆ పసుపచ్చని ముద్దంతా వేడి అన్నంలో కలుపుకోండి. ఇంకే కూరా అక్కర్లేదు. వండేటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి ఒక కిటికీ తెరవండి. ఆకులు, ట్రేలో పరిచిన ఫాయిల్ ఆ రాత్రే బయటి చెత్తడబ్బాలో వేసేయండి. కార్పెట్ ఉన్న ఇళ్ళలో తెల్లారేదాకా వంటింట్లోనే ఉంచితే ఆ వాసన వారం పోదు.