షిరిన్ నెషాత్ గురించి రాయబోతున్న అమ్మాయికి

అమ్మలూ,

పత్రికవాళ్లు ఇరానీ కళాకారిణి షిరిన్ నెషాత్ మీద వ్యాసం అడిగారని, టెన్షన్‌గా ఉందని రాశావు. నువ్వు పంపిన చిత్తుప్రతి చదివాను. చాలా ఏళ్లుగా చిత్రకారుల గురించి రాస్తున్నదాన్ని కాబట్టి తోచింది చెప్తాను, పనికొచ్చింది తీసుకో.

ముందు ఆ మొదటి వాక్యం కొట్టెయ్. "విప్లవానికి భయపడి అమెరికా పారిపోయిన కళాకారిణి" అన్నావు. అలా జరగలేదు. 1957లో ఇరాన్‌లోని కజ్విన్‌లో పుట్టిన ఈ డాక్టరుగారమ్మాయి టీనేజీలోనే చదువుకోసం అమెరికా వెళ్లింది. 1979లో ఇరాన్‌లో ఇస్లామిక్ విప్లవం వచ్చేసరికి అక్కడే ఉంది. ఆమె పారిపోలేదు, వెనక్కి వెళ్లే దారి చాలా ఏళ్లు మూసుకుపోయింది. ఈ తేడా పట్టుకోకపోతే వ్యాసమంతా సానుభూతి కథ అయిపోతుంది.

కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఆర్ట్ చదివాక న్యూయార్క్ చేరి, అప్పటి భర్తతో కలిసి స్టోర్‌ఫ్రంట్ ఫర్ ఆర్ట్ అండ్ ఆర్కిటెక్చర్ అనే చిన్న ప్రదర్శనశాల నడిపింది. దాదాపు పదేళ్లు. ఆ కాలంలో సొంతంగా చేసిన కళ దాదాపు ఏమీ లేదు. అందరూ ఆ పదేళ్లని అర వాక్యంలో దాటేస్తారు, నువ్వు మాత్రం ఆగు. ఇతరుల ప్రదర్శనలు ఏర్పాటు చేస్తూ, వాళ్లు ఎలా ఆలోచిస్తారో దగ్గరనుంచి చూసిన కాలం అది. 1990లో ఇరాన్ వెళ్లి, తనెరిగిన దేశం పూర్తిగా మారిపోయి ఉండటం చూశాకే 'విమెన్ ఆఫ్ అల్లా' ఫొటోలు (1993–97) మొదలయ్యాయి. అప్పటికి ముప్పై దాటి చాలాకాలమైంది.

ఆ ఫొటోల దగ్గర ఒక జాగ్రత్త. చాదర్ కట్టుకున్న స్త్రీ, చేతిలో తుపాకీ, ముఖం మీదా అరచేతుల మీదా పర్షియన్ రాత. హైదరాబాద్‌లో ఉర్దూ బోర్డులు చూసిన కళ్లకి ఆ లిపి కొత్తకాదు, కానీ చదవలేం కాబట్టి ఖురాన్ వాక్యాలనుకుంటాం. పడమటి దేశాల్లోనూ చాలామంది అలాగే పొరబడ్డారు. నిజానికి అవి ఎక్కువగా ఇరానీ కవయిత్రుల కవితలు. ఒకరు ఫొరూగ్ ఫరోఖ్‌జాద్, 1967లోనే చనిపోయిన తిరుగుబాటు గొంతు. ఇంకొకరు తాహెరె సఫార్‌జాదె, విప్లవాన్ని నమ్మిన కవయిత్రి. ఒకరికొకరు ఎదురు నిలిచే ఈ గొంతులు రెండూ ఒకే సిరీస్‌లో ఉన్నాయి. నెషాత్ విప్లవాన్ని పొగిడిందా తిట్టిందా అని అడిగేవాళ్లకి ఇది చూపించు.

ఇంకో సంగతి, చాలా ఫొటోల్లో నిలబడింది ఆమే. మీట నొక్కింది మాత్రం వేరేవాళ్లు. ప్రింటు మీద ఇంకుతో చేత్తో రాసింది ఆమె.

'టర్బులెంట్' (1998) అనే వీడియో మీద ఎంత చోటైనా తీసుకో. వీలైతే గదిలో చూడు, ఫోన్‌లో చూస్తే సగం పోతుంది. ఎదురెదురుగా రెండు తెరలు, మధ్యలో మనం. ఒక తెరమీద తెల్లచొక్కాల మగవాళ్లు నిండిన హాలు, ఒకతను పాత పర్షియన్ కవి రూమీ కవిత పాడతాడు, చప్పట్లు. గొంతు గాయకుడు షహ్రామ్ నజేరీది, తెరమీద పెదవులు కదిపింది షోజా అజారీ. రెండో తెరమీద ఖాళీ హాల్లో నల్లబట్టల్లో గాయని సుసాన్ దైహిమ్. అతని పాట అయ్యాక ఆమె మొదలుపెడుతుంది, అందులో మాటలుండవు. ఊపిరి, మూలుగు, కేక. కెమెరా ఆమె చుట్టూ తిరుగుతుంది, ఎదుటి తెరమీద మగవాళ్లు బొమ్మల్లా బిగుసుకుపోతారు. రెండూ ఒకేసారి చూడలేం, మెడ తిప్పక తప్పదు. ఇరాన్‌లో మగవాళ్ల ముందు స్త్రీ ఒంటరిగా పాడటం నిషిద్ధమని తెలిస్తే ఆ ఖాళీ కుర్చీలు అర్థమవుతాయి. 1999లో వెనిస్ బియెనాలే అనే పెద్ద కళాప్రదర్శనలో గోల్డెన్ లయన్ బహుమతి వచ్చింది దీనికే.

"ఫొటోలు, వీడియోలు, సినిమా, ఒపెరా అన్నీ చేసిన బహుముఖ ప్రజ్ఞాశాలి" అన్న వాక్యం కూడా తీసెయ్. ప్రతి మార్పుకీ కారణం వెతుకు. ఆ పాటని ఫొటోలో పెట్టలేం, అందుకు వీడియో కావాలి. 1953 కుట్రలో ఇరాన్ ప్రధాని మొసాద్దెగ్ ప్రభుత్వం పడిపోయిన రోజుల్లో నలుగురు స్త్రీల కథ చెప్పాలంటే సినిమా కావాలి. అదే 'విమెన్ వితౌట్ మెన్' (2009), వెనిస్ చిత్రోత్సవంలో సిల్వర్ లయన్ తెచ్చింది. మూలనవల రాసిన షహర్‌నుష్ పార్సిపూర్ జైలు చూసిన రచయిత్రి. ఆమె ఈ సినిమాలో చిన్న వేషం కూడా వేసింది. టెహ్రాన్‌లో తీయలేక కాసాబ్లాంకాని టెహ్రాన్‌గా మార్చారు. 2017లో సాల్జ్‌బర్గ్‌లో చేసిన 'ఐదా' ఒపెరా ప్రస్తావిస్తే చాలు.

తోటివాళ్ల పేర్లు వదలకు. అజారీ జీవితంలోనూ పనిలోనూ భాగస్వామి. ఛాయాగ్రాహకుడు ఘాసెమ్ ఇబ్రాహిమియన్, దైహిమ్ లేకుండా ఆ వీడియోలు లేవు. ఒంటరి మేధావి కథ చదవడానికి బాగుంటుంది కానీ ఆమె పని అలా జరగలేదు.

విమర్శా రాయాలి. ముసుగూ తుపాకీ చూపించి పడమటివాళ్లకి కావలసిన ఇరాన్‌నే అమ్మిందని అన్నవాళ్లున్నారు. అందులో కొంత నిజముందని నాకూ అనిపిస్తుంది, ముఖ్యంగా ఆ బొమ్మలు పుస్తకాల అట్టలెక్కాక. కానీ 'టర్బులెంట్' చూశాక ఆ మాట నిలవదు. నువ్వు చూసి నువ్వే తేల్చుకో, నా అభిప్రాయం రాయకు.

నెషాత్ చివరిసారి ఇరాన్ వెళ్లింది 1996లో. ఆ ఒక్క వాక్యం విశేషణాలు లేకుండా రాయి.

ఫొటోలు వేయాలంటే హక్కులున్నవాళ్ల అనుమతి కావాలి. జవాబుకి వారాలు పట్టొచ్చు, కాబట్టి వ్యాసం అయ్యేదాకా ఆగకుండా ఈ రోజే మెయిల్ పెట్టు.

మీ పెద్దమ్మ