ఫిట్‌నెస్ గ్రాఫ్ పైకెళ్తోంది, అంటే పవర్ పెరిగినట్టేనా?

శ్రీకాకుళం తమ్ముడు అడిగింది ఏటంటే, సైకిల్‌కి పవర్ మీటర్ (ఎంత బలంగా తొక్కుతున్నామో వాట్లలో చూపించేది) పెట్టించాక సాఫ్ట్‌వేర్‌లో ఫిట్‌నెస్ గీత పైకే వెళ్తోంది గానీ కళింగపట్నం రోడ్డు మీద స్పీడు మాత్రం ఎప్పట్లాగే ఉంది, దేన్ని నమ్మాలి అని.

రెండిట్నీ నమ్మకు తమ్ముడూ. స్పీడు సంగతి నీకూ తెలుసు, మధ్యాహ్నం సముద్రం గాలి ఎదురొచ్చిందంటే 200 వాట్లు తొక్కుతున్నా పక్కనించి మోపెడ్ తాత దాటేసి పోతాడు. ఇక ఆ ఫిట్‌నెస్ గీత, సీటీఎల్ అంటారే, అది బలాన్ని కొలవదు, ఈమధ్య ఎంత లోడ్ తొక్కావో దాని సగటు అంతే, మామూలుగా 42 రోజుల లెక్క మీద నడుస్తాది, కొత్త రోజులకి కాస్త ఎక్కువ విలువిస్తాది. రోజూ కబుర్లు చెప్పుకుంటా గంటలు గంటలు తొక్కినా అది పెరుగుతాది.

పైగా సెట్టింగుల్లో ఎఫ్‌టీపీ, అంటే ఇంచుమించు గంటసేపు నిలకడగా తొక్కగలిగే గరిష్ఠ వాట్లు, పాతదే ఉండిపోతే గీత ఇంకా అబద్ధం చెప్తాది. గంటసేపు ఎఫ్‌టీపీ దగ్గర తొక్కితే 100 టీఎస్ఎస్ (రైడ్ ఎంత భారమో చెప్పే స్కోరు) కదా, నీ అసలు ఎఫ్‌టీపీ 220 అయ్యుండి అక్కడ 200 అనే ఉందనుకో, 200 వాట్లతో గంట తొక్కితే అది 100 వేసేస్తాది, నిజానికి రావాల్సింది దాదాపు 83.

నేను విజయనగరంలో ఉంటాను, ఇంటర్వల్స్ ఐసీయూ అనే వెబ్‌సైట్ వాడతాను, డబ్బులు కట్టకుండానే చాలావరకు పని అయిపోతాది. గోల్డెన్ చీతా కూడా ఫ్రీయే గానీ కంప్యూటర్లో వేసుకోవాలి, ఆ చార్టులు చూసి మొదట్లో కొంచెం కంగారు పడతాం. ఏది వాడినా చూడాల్సింది పవర్ కర్వ్. 5 నిమిషాలు, 20 నిమిషాలు, గంట, వీటికి నీ బెస్ట్ వాట్లు ఎంతున్నాయో ఈ మూణ్ణెల్లవి, అంతకుముందు మూణ్ణెల్లవి ఒకదాని మీద ఒకటి పెట్టి చూడు. కొత్త గీత పైనుంటే పెరిగావు, నా లెక్కలో అదొక్కటే సాక్ష్యం.

కాకపోతే నువ్వు గట్టిగా తొక్కకపోతే కర్వ్‌కి తెలీదు కదా. నెలన్నరకోసారైనా 20 నిమిషాలు ఊపిరాడకుండా తొక్కాలి, ఆ సగటులో 95 శాతం తీసుకుంటే ఎఫ్‌టీపీ ఇంచుమించు వచ్చేస్తాది, 240 వస్తే 228 అన్నమాట. మన హైవే మీద ఫ్లైఓవర్లు, గేదెలు, రాంగ్ రూట్ బళ్లు, అక్కడ కుదరదు. నేనైతే ఎస్.కోట దాటాక బొడ్డవర నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కుతాను, ఎక్కడా పెడల్ ఆపక్కర్లేదు.

మే నెల నంబర్లని డిసెంబర్ నంబర్లతో పోల్చకు, ఈ ఉక్కలో గుండె పరిగెడతాది, వాట్లు పడిపోతాయి, డిసెంబర్ని పోయిన డిసెంబర్తోనే చూడు. ప్రతి రైడ్ ముందు జీరో ఆఫ్‌సెట్ కొట్టు (మీటర్‌ని సున్నాకి సరిచేయడం), ఇంట్లోంచి తీయగానే కాదు, బయట కాసేపు ఉంచాక. నీది ఎడమ కాలిని మాత్రమే కొలిచే మీటరే అయితే అది ఎడమ కాలిది రెండింతలు చేసి చూపిస్తాది, రెండు కాళ్ల మీటర్ వాడే ఫ్రెండుతో పోటీ పెట్టుకోకు.

ఘాట్‌కి మాత్రం ఆదివారం వెళ్లకు, అరకు కార్లన్నీ ఆ మలుపుల్లోనే ఉంటాయి.