హ్యాండ్‌హెల్డ్‌కి ఆడియో చిప్, బ్యాటరీ గేజ్: అల్లుడికి మామయ్య ఉత్తరం

ఒరేయ్ అల్లుడూ,

నీ హ్యాండ్‌హెల్డ్‌కి, అదే చేతిలో పట్టుకునే చిన్న కంప్యూటర్‌కి, నువ్వు పంపిన బ్లాక్ డయాగ్రామ్ చూశా రా. రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ (ఆ చిన్న కంప్యూటర్ బోర్డుని ఇక నుంచి పై అనో జీరో అనో అంటా), ఒక్క లిపో సెల్ (లిథియం పాలిమర్ బ్యాటరీ), కీబోర్డు, చిన్న స్పీకరు, హెడ్‌ఫోన్ జాక్, ఒక మైకు, స్క్రీను. బాగుంది, చాలా సంతోషంగా ఉంది నాకు, నిజంగా. ఆడియో చిప్ ఏది పెట్టాలి, బ్యాటరీ ఎంతుందో చెప్పే చిప్, అంటే గేజ్, ఏది పెట్టాలి అని రెండు వేరే వేరే ప్రశ్నలుగా అడిగావు కదా, నేను మాత్రం రెండిటికీ కలిపే సమాధానం చెప్తా, ఎందుకంటే ఆ రెండూ ఒకే సెల్ మీద బతికేవి. స్పీకర్ గట్టిగా మోగిన ప్రతిసారీ సెల్ వోల్టేజి కాస్త కుంగుతుంది, ఆ కుంగిన వోల్టేజిని చూసి అవతలి చిప్ బ్యాటరీ అయిపోతోందని చెప్తే నీ మెషీన్ వాడేవాడు ఇంక ఆ శాతాన్ని జన్మలో నమ్మడు. కాబట్టి జంటగా ఎంచుకో.

ఇంకో మాట ముందే చెప్పేస్తా. చిప్ కంటే ముందు స్క్రీన్ తేల్చుకో. డీపీఐ ప్యానెల్ (రంగుల బిట్లన్నీ ఒక్కో పిన్ను మీద విడిగా తీసుకునే స్క్రీను) పెడదామా అని కింద చిన్న అక్షరాల్లో రాశావు చూడు, అది పెడితే ఈ ఉత్తరంలో సగం నీకు పనికిరాదు. 18 బిట్ డీపీఐ అంటే పై మీద ఉన్న జీపీఐఓ పిన్నుల్లో 0 నుంచి 21 దాకా మొత్తం తినేస్తుంది, ఐటూఎస్ (చిప్‌కి పాట పంపే తీగలు) ఉండేదేమో 18, 19, 20, 21 మీద, మామూలుగా వాడే ఐటూసీ (చిప్‌లతో మాట్లాడే రెండు తీగలు) ఏమో 2, 3 మీద. అంటే ఆడియో పోయింది, బ్యాటరీ గేజ్‌తో మాట్లాడే దారీ పోయింది. అప్పుడు యూఎస్‌బీ ఆడియో చిప్ పెట్టుకుని, ఐటూసీని మిగిలిన పిన్నుల మీద సాఫ్ట్‌వేర్‌తో నడపాలి, కుదురుతుంది కానీ యూఎస్‌బీ ఆడియో కరెంటు ఎక్కువ తాగుతుంది, పైగా జీరోకి ఉన్నదే ఒక్క యూఎస్‌బీ డేటా పోర్టు, దానికి హబ్ చిప్ ఇంకోటి. కొద్ది తీగల మీద నడిచే ఎస్‌పీఐ స్క్రీనో, హెచ్‌డీఎంఐ నుంచి నడిచే ప్యానెలో తీస్కో, ఈ గొడవ ఉండదు. ఇక్కణ్ణుంచి అలాగే తీసుకున్నావు అనుకునే రాస్తున్నా.

ఆడియో సంగతి. పై జీరోకి హెడ్‌ఫోన్ జాక్ లేదు, బయట నుంచి చిప్ పెట్టాల్సిందే. అందరూ మొదట చెప్పేది మ్యాక్స్98357ఏ, మంచి చిప్పే, మూడు తీగల ఐటూఎస్ ఇస్తే చాలు, మాస్టర్ క్లాక్ (చిప్ నడవడానికి బయట నుంచి ఇచ్చే వేగమైన తాళం) అక్కర్లేదు, ఐటూసీ అక్కర్లేదు, రిజిస్టర్లే (సెట్టింగ్‌లు రాసే గళ్ళు) లేవు, 5 వోల్టుల మీద 4 ఓమ్ స్పీకర్‌కి 3.2 వాట్ల దాకా ఇస్తుంది. కానీ అది స్పీకర్ కోసం పుట్టింది రా. దాని ఔట్‌పుట్ రెండు తీగలూ నడిచేవే, ఏ ఒక్కటీ గ్రౌండ్ కాదు, దానికి హెడ్‌ఫోన్ జాక్ తగిలించకూడదు. మైకు కూడా లేదు. జాక్ కోసం పీసీఎం5102ఏ పెడదాం అంటావేమో, అది లైన్ ఔట్ చిప్, 2 వోల్టుల సిగ్నల్ శుభ్రంగా ఇస్తుంది కానీ 32 ఓమ్ హెడ్‌ఫోన్‌ని మోసే బలం దానికి లేదు, మధ్యలో మళ్ళీ హెడ్‌ఫోన్ యాంప్ కావాలి, వాల్యూమ్ కంట్రోల్ కూడా చిప్‌లో లేదు. ఇలా ఒక్కో పనికి ఒక్కో చిప్ పెట్టుకుంటూ పోతే మైకు దగ్గరికి వచ్చేసరికి బోర్డు మీద చోటుండదు.

అందుకే నీ లిస్టుకి నేను చెప్పేది డబ్ల్యూఎం8960. వుల్ఫ్‌సన్ వాళ్ళది, 2014లో సిరస్ లాజిక్ ఆ కంపెనీని కొనేసింది, చిప్ పాతదే, ఆ పాతదనమే నీకు లాభం. స్టీరియో డాక్ (అంకెల్ని సిగ్నల్‌గా మార్చేది), మైకు కోసం ఏడీసీ (సిగ్నల్ వోల్టేజిని అంకెలుగా మార్చేది), మైక్ బయాస్ (మైకుకి కావాల్సిన చిన్న సప్లై), హెడ్‌ఫోన్ డ్రైవరు, 8 ఓమ్‌కి 1 వాట్ ఇచ్చే క్లాస్ డీ స్పీకర్ యాంప్ అన్నీ ఒకే 5 బై 5 మిల్లీమీటర్ల చిప్‌లో ఉన్నాయి. లినక్స్ కెర్నెల్‌లో డ్రైవర్ ఎప్పటి నుంచో ఉంది, పై కోసం ఓవర్లే (ఏ చిప్ ఎక్కడుందో కెర్నెల్‌కి చెప్పే చిన్న ఫైలు) కూడా రెడీగా ఉంది. ప్రోటోటైప్‌కి చిప్ వెతికేటప్పుడు నేను మొదట చూసేది ఇదే, స్పెక్ టేబుల్ కాదు, డ్రైవర్ మెయిన్ కెర్నెల్‌లో ఉందా లేదా అని. కాగితం మీద పది డెసిబెల్స్ మెరుగ్గా ఉన్న చిప్ తెచ్చుకుని ఎవరో ఎప్పుడో వదిలేసిన డ్రైవర్‌ని కొత్త కెర్నెల్‌కి అతికించుకుంటూ కూర్చుంటే నీ కీబోర్డు పని, కేసు పని అన్నీ ఆగిపోతాయి.

దీనితో జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి, ఇవి మాత్రం నిదానంగా చదువు. మొదటిది క్లాక్. పై హెడర్ మీద ఐటూఎస్‌కి మాస్టర్ క్లాక్ రాదు, ఈ చిప్‌కి అది కావాలి, అందుకే ఈ చిప్ ఉన్న హ్యాట్ బోర్డుల (పై నెత్తిన గుచ్చే బోర్డులు) మీద పక్కనే 24 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్ ఒకటి కనిపిస్తుంది, చిప్ లోపల ఉన్న పీఎల్ఎల్ (ఒక క్లాక్ నుంచి ఇంకో క్లాక్ తయారు చేసేది) దాన్నుంచి 48 కిలోహెర్ట్జ్‌కి కావాల్సిన 12.288, 44.1కి కావాల్సిన 11.2896 మెగాహెర్ట్జ్ తయారు చేసుకుంటుంది. నువ్వూ అదే 24 పెట్టు, ఓవర్లే కూడా దానికి తగ్గట్టే రాసి ఉంటుంది. రెండోది, దీని రిజిస్టర్లలోకి రాయడమే కానీ తిరిగి చదవడం కుదరదు, కాబట్టి బోర్డు వచ్చిన రోజు ఐటూసీలో చదివితే చెత్త వస్తోంది చిప్ పోయింది అని బెంగ పెట్టుకోకు, అడ్రస్ హెక్స్‌లో 1ఏ, అక్కడ పలికితే చాలు. మూడోది చాలామందిని ఏడిపించేది, డ్రైవర్ లోడ్ అవుతుంది, పాట ప్లే అవుతున్నట్టే ఉంటుంది, చప్పుడు మాత్రం రాదు. ఎందుకంటే డాక్ నుంచి ఔట్‌పుట్ మిక్సర్‌కి వెళ్ళే స్విచ్‌లు మొదట్లో ఆఫ్‌లో ఉంటాయి, అల్సామిక్సర్ (లినక్స్‌లో ఆడియో సెట్టింగ్‌ల ప్రోగ్రాం) తెరిచి లెఫ్ట్, రైట్ ఔట్‌పుట్ మిక్సర్ పీసీఎం రెండూ ఆన్ చేసి, సేవ్ చేసి పెట్టు. సోల్డరింగ్ ఐరన్ పట్టుకునే ముందు ఇది చూడు.

హెడ్‌ఫోన్ జాక్‌కి కెపాసిటర్లు లేకుండా నడిపే పద్ధతి కూడా ఈ చిప్‌లో ఉంది, మూడో ఔట్‌పుట్‌ని ఉత్తుత్తి గ్రౌండ్ లాగా వాడుకుని. చోటు మిగులుతుంది కానీ జాక్ బాడీ కేసు గ్రౌండ్‌కి తగిలినా, ఎవరైనా దాన్ని తీసుకెళ్ళి యాంప్లిఫయర్ లైన్ ఇన్‌లో గుచ్చినా తేడా కొడుతుంది. నువ్వు కెపాసిటర్లే పెట్టు, 220 మైక్రోఫారడ్స్ పెడితే 32 ఓమ్ హెడ్‌ఫోన్‌కి 23 హెర్ట్జ్ దాకా కిందికి వెళ్తుంది, బేస్ ఏం పోదు. చోటు లేదని 47 పెడితే అది 106 హెర్ట్జ్ అవుతుంది, డప్పు చప్పుడు డొల్లగా వినిపిస్తుంది.

ఇప్పుడు స్పీకర్ యాంప్‌కి కరెంటు ఎక్కణ్ణుంచి ఇవ్వాలి అనేది, ఇక్కడే ఆడియో బ్యాటరీ రెండూ కలుస్తాయి. పై కోసం ఎలాగూ 5 వోల్టుల బూస్ట్ (సెల్ వోల్టేజిని పెంచి ఇచ్చే సర్క్యూట్) పెడుతున్నావు, దాన్నుంచే స్పీకర్‌కీ ఇచ్చేద్దాం అనిపిస్తుంది. లెక్క చూడు, మెషీన్ మొత్తం 4 వాట్లు లాగుతోంది అనుకో, బూస్ట్ 90 శాతం బాగా పనిచేసినా, సెల్ 3.5 వోల్టుల దగ్గర ఉన్నప్పుడు అది ఇవ్వాల్సింది దాదాపు 1.27 యాంప్స్. సెల్ లోపలి రెసిస్టెన్సు, ప్రొటెక్షన్ బోర్డు, తీగలు, కనెక్టరు అన్నీ కలిపి 0.15 ఓమ్ అనుకున్నా అక్కడే దాదాపు 0.19 వోల్టులు పోయాయి. దాని మీద స్పీకర్ ఒక్కసారి దరువేస్తే ఇంకా పడుతుంది, బ్యాటరీ సగం ఉండగానే పై రీబూట్ అయ్యేది ఇలాగే. స్పీకర్ యాంప్‌ని నేరుగా సెల్ నుంచి నడుపు, దాని సప్లై పిన్ 2.7 నుంచి 5.5 దాకా ఒప్పుకుంటుంది, చప్పుడు కొంచెం తగ్గుతుంది, చేతిలో పట్టుకునే దానికి అది చాలు. అనలాగ్ సప్లైకి మాత్రం వేరుగా 3.0 వోల్టుల ఎల్‌డీఓ (వోల్టేజిని తగ్గించి నిలకడగా ఇచ్చే రెగ్యులేటర్) ఒకటి పెట్టు, స్పీకర్ సప్లై ఎప్పుడూ అనలాగ్ సప్లై కంటే కిందికి పోకుండా చూస్కో, 3.4 వోల్టుల దగ్గర మెషీన్‌ని నువ్వే షట్‌డౌన్ చేసేస్తే ఆ బాధ ఉండదు. స్పీకర్ తీగలు మెలేసి పొట్టిగా ఉంచు, మైకుకి దూరంగా.

బ్యాటరీ గేజ్. పై లో ఏడీసీ లేదు, ఏదో ఒక చిప్ పెట్టాలి. చాలామంది ఐఎన్ఏ219 పెట్టి వోల్టేజి చూసి 4.2 అంటే వంద, 3.0 అంటే సున్నా అని గీత గీసేస్తారు. ఐఎన్ఏ219 వోల్టేజి, కరెంటు కొలిచే మంచి మీటర్, కానీ గేజ్ కాదు. లిపో వోల్టేజి గీతలాగా దిగదు రా, 3.7, 3.8 మధ్య చాలాసేపు బద్ధకంగా కూర్చుని, 3.5 దాటాక గబగబా జారుతుంది. ఆ మధ్య భాగంలో ఇందాక చెప్పిన 0.19 కుంగితే శాతం ఎక్కడికో వెళ్ళిపోతుంది, పాట ఆపగానే బ్యాటరీ మళ్ళీ పెరిగినట్టు చూపిస్తుంది.

అసలైన గేజ్‌లలో నీకు రెండు దారులు. ఒకటి బీక్యూ27441, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌ది, 10 మిల్లీ ఓమ్ రెసిస్టర్ గుండా వెళ్ళే కరెంటు లెక్కపెడుతుంది, ట్యాంకులోకి ఎన్ని బిందెలు పోశాం ఎన్ని తోడాం అని రాసుకున్నట్టు, సెల్ రెసిస్టెన్సు కూడా నేర్చుకుంటుంది. ఎన్ని మిల్లీ యాంప్ అవర్స్ మిగిలాయో, ఇప్పుడు ఎంత లాగుతున్నావో అన్నీ చెప్తుంది. కానీ సెల్ ఊడదీస్తే నువ్వు ఇచ్చిన సెల్ కెపాసిటీ సెట్టింగ్‌లు మర్చిపోతుంది, ప్రతిసారీ మళ్ళీ రాయాలి. ఇంకా పెద్ద చిక్కు, టీఐ గేజ్‌లు ఐటూసీలో క్లాక్‌ని కాసేపు పట్టి ఆపుతాయి, జీరో 2 లో ఉన్న బ్రాడ్‌కామ్ ఐటూసీ హార్డ్‌వేర్‌కి ఆ పట్టి ఆపడం సరిగ్గా అర్థం కాదు, పాత జబ్బు అది, అప్పుడప్పుడు తప్పు నంబర్లు వస్తాయి. సాఫ్ట్‌వేర్ ఐటూసీ పెడితే సరిపోతుంది కానీ మొదటి బోర్డుకి అదొక తలనొప్పి.

రెండోది మ్యాక్స్17048, నా ఓటు దీనికే. మ్యాక్సిమ్‌ది, 2021 నుంచి ఆ కంపెనీ అనలాగ్ డివైసెస్ చేతిలో ఉంది. కరెంటు కొలిచే సెన్స్ రెసిస్టర్ అక్కర్లేదు, వోల్టేజి మాత్రమే చూస్తుంది, కానీ పైన చెప్పిన గీత లెక్క కాదు, లోపల సెల్ మోడల్ ఒకటి నడుపుతూ క్షణికంగా కుంగేదాన్ని పట్టించుకోకుండా శాతం చెప్తుంది. స్పీకర్ దరువుకి శాతం ఎగరదు, నీకు కావాల్సింది అదే. గంటకి ఎంత శాతం దిగుతోందో కూడా చెప్తుంది. తాగేది 23 మైక్రోయాంప్స్, నెలంతా పక్కన పడేసినా 17 మిల్లీ యాంప్ అవర్స్ లోపే. అడ్రస్ హెక్స్ 36, ఆడియో చిప్‌తో గొడవ లేదు, ఇద్దరూ ఒకే ఐటూసీ తీగల మీద ఉండొచ్చు, పుల్లప్‌లు (ఆ తీగల్ని సప్లై వైపు లాగి ఉంచే రెసిస్టర్లు) నువ్వు పెట్టకు, పై మీద 2, 3 పిన్నులకి 1.8 కిలో ఓమ్స్ ఆల్రెడీ ఉన్నాయి. కెర్నెల్‌లో మ్యాక్స్17040 పేరుతో ఉన్న డ్రైవరే దీనికీ పనిచేస్తుంది, డెస్క్‌టాప్ మీద బ్యాటరీ ఐకాన్ దానంతట అదే వస్తుంది. అలర్ట్ పిన్ ఒకటి ఉంది, 1 నుంచి 32 శాతం మధ్య ఎక్కడ పెడితే అక్కడ మోగుతుంది, దాన్ని వదిలేయకు, ఒక జీపీఐఓకి కలిపి ఎస్‌డీ కార్డు పాడవకముందే షట్‌డౌన్ చేయించు.

ఎంత కరెంటు పోతోందో మాత్రం ఇది చెప్పదు. ప్రోటోటైప్‌లో అది తెలియాలి కదా, అందుకు సెల్ దారిలో రెండు ప్యాడ్లు, మధ్యలో జంపరు ఉంచు, మీటరో ఐఎన్ఏ219 బోర్డో తగిలించి కొలుచుకో.

పెట్టే చోటు ముఖ్యం. గేజ్ పవర్ స్విచ్ తర్వాత కాదు, స్విచ్ కంటే ముందు, సెల్ కనెక్టర్ పక్కనే ఉండాలి, ప్లస్, మైనస్ రెండు ట్రేసులూ విడిగా కనెక్టర్ ప్యాడ్ల దాకా వెళ్ళాలి, పెద్ద కరెంటు పారే రాగి మీద మధ్యలో ఎక్కడో కలిపితే అక్కడి డ్రాప్ కూడా సెల్‌దే అనుకుంటుంది. స్విచ్ వెనక పెడితే ఆన్ చేసిన ప్రతిసారీ అది కొత్తగా ఊహ మొదలుపెడుతుంది, అదీ లోడ్ మీద. ఇంకోటి, ఆ తెల్ల జేఎస్‌టీ పీహెచ్ కనెక్టర్ 2 యాంప్స్‌కే, పైగా ఎర్ర తీగ ఏ వైపు అనేది అమ్మేవాణ్ణి బట్టి మారిపోతుంది, కొత్త సెల్ వచ్చిన ప్రతిసారీ గుచ్చే ముందు మీటర్ పెట్టి చూడు. ప్రతిసారీ అంటున్నా.

ఆర్డర్ పెట్టేటప్పుడు పార్ట్ నంబర్ చివరి అక్షరం దాకా చదువు. మ్యాక్స్17048 తర్వాత జీ ఉంటే కాళ్ళు అంచున ఉన్న 2 బై 2 మిల్లీమీటర్ల ప్యాకేజి, హాట్ ఎయిర్‌తో నువ్వే పెట్టగలవు. ఎక్స్ ఉంటే అది అడుగున బంతులున్న గింజంత చిప్, ఇంట్లో అవదు. డిస్ట్రిబ్యూటర్ దగ్గరే కొను, రెండూ నాలుగైదు ఎక్కువే తెప్పించు. బోర్డు గీయక ముందు డబ్ల్యూఎం8960 హ్యాట్ ఒకటి, మ్యాక్స్17048 చిన్న బోర్డు ఒకటి కొని, నీ సెల్‌తో, నీ స్పీకర్‌తో బల్ల మీద కలిపి ఒక ఫుల్ ఛార్జ్ నుంచి షట్‌డౌన్ దాకా పాటలు నడిపించు, నిమిషానికోసారి శాతం, వోల్టేజి ఫైల్లోకి రాయించు.

ఆ ఫైలు, స్కీమాటిక్ పీడీఎఫ్ రెండూ కలిపి పంపు, సప్లై పేజీ, గేజ్ పేజీ నేను గీతగీతా చూసి చెప్తా, అప్పటిదాకా బోర్డు తయారుచేసే ఫ్యాబ్‌కి పంపకు. అక్కని అడిగానని చెప్పు.

నీ మామయ్య